స్క్రిమ్‌షా: తిమింగలం పన్ను మీద పుట్టి, చౌక జేబుకత్తి పిడి మీద బతుకుతున్న సూదిమొన కళ

సూది మొనతో సన్నని గీత గీయడం, ఆ గీతలో నల్లని సిరా నింపడం, పైన మిగిలిన సిరాను తుడిచివేయడం. స్క్రిమ్‌షా అనే కళకు మూలసూత్రం ఇంతే.

రెండు వందల ఏళ్ల కిందట అమెరికా, బ్రిటన్ తిమింగలం వేట ఓడల్లో పనిచేసిన నావికులు ఈ పనిని తిమింగలాల పళ్ల మీద చేశారు. ఆ తర్వాత ఏనుగు దంతం మీద చేశారు. ఇప్పుడు ఈ కళను నేర్చుకునేవారిలో చాలామంది అంగడిలో తక్కువ ధరకు దొరికే మడత చాకును ముందు పెట్టుకుని కూర్చుంటున్నారు. దాని తెల్లని ప్లాస్టిక్ పిడే వారికి చిత్రపటం.

అత్యంత అరుదైన పదార్థం మీద పుట్టిన కళ అత్యంత సాధారణమైన పదార్థం మీదికి ఎందుకు వచ్చింది? అక్కడ దాని విలువ తగ్గిందా? ఈ ప్రశ్నలకు సమాధానం వెతికితే ఒక కళ చరిత్రతో పాటు ఏనుగులు, తిమింగలాల మనుగడ, భారతదేశపు వన్యప్రాణి చట్టం, దక్షిణాసియా చేతివృత్తుల స్థితిగతులు కూడా ఎదురవుతాయి.

ఓడ మీద ఎలా పుట్టింది?

19వ శతాబ్దం తొలి అర్ధభాగంలో తిమింగలం నూనె పెద్ద వ్యాపారం. దీపాలు వెలిగించడానికి, యంత్రాలకు కందెనగా వాడటానికి దానికి గిరాకీ ఉండేది. అమెరికా ఈశాన్య తీరంలోని నాంటకెట్, న్యూ బెడ్‌ఫోర్డ్ రేవుల నుంచి బయలుదేరిన ఓడలు పసిఫిక్ మహాసముద్రం దాకా వెళ్లేవి. ఒక్కో యాత్ర మూడు, నాలుగేళ్లు సాగేది. తిమింగలం కనిపించిన రోజున ప్రాణాలకు తెగించి పనిచేయాలి. కనిపించని వారాల్లో మాత్రం చేయడానికి పెద్దగా పని ఉండదు.

స్పెర్మ్ తిమింగలం కింది దవడలో ఒక్కో వైపు సుమారు 20 నుంచి 26 పళ్లుంటాయి. నూనె వ్యాపారికి వాటితో అవసరం లేదు. అందువల్ల అవి నావికులకు దక్కేవి. గరుకుగా ఉండే పంటిని కత్తితో గీకి, సొరచేప చర్మంతో రుద్ది, బూడిదతో మెరుగుపెట్టేవారు. తెరచాపలు కుట్టే సూదితోనో, జేబులో ఉండే చాకు మొనతోనో బొమ్మ గీసేవారు. దీపపు మసిని నూనెలో కలిపి గీతల్లోకి రుద్దేవారు.

బొమ్మలు గీయడం రానివారికి కూడా ఒక దారి ఉండేది. పత్రికలో అచ్చయిన చిత్రాన్ని పంటికి అంటించి, దాని రేఖల వెంబడి సూదితో గుచ్చేవారు. కాగితం తీసేశాక మిగిలిన చుక్కలను కలిపితే బొమ్మ సిద్ధమయ్యేది. తెలుగు రాష్ట్రాల్లో మగ్గం పని చేసేవారు ట్రేసింగ్ కాగితానికి సూదితో రంధ్రాలు చేసి, వాటి ద్వారా బట్ట మీదికి డిజైన్ దించే పద్ధతి ఇలాంటిదే.

తేదీ ఉన్న తొలి స్క్రిమ్‌షా పళ్లలో ఒకటి 1817 నాటిది. నాంటకెట్‌కు చెందిన ఫ్రెడరిక్ మైరిక్ 1828, 1829 సంవత్సరాల్లో ‘సుసాన్’ అనే ఓడ మీద ఉండగా చెక్కిన పళ్లు ‘సుసాన్స్ టీత్’ పేరుతో ప్రసిద్ధి పొందాయి. తన పనిపై సంతకం, తేదీ వేసిన తొలి కళాకారుల్లో ఆయన ఒకరు. అయితే, ఈ కళలో అత్యధిక భాగం అనామకులదే. ఓడల చిత్రాలతో పాటు నిత్యం ఉపయోగపడే వస్తువులను కూడా వారు తయారుచేశారు. చేతికర్రలు, దర్జీ పరికరాలు, మన ఇళ్లలో కజ్జికాయల అంచులు కత్తిరించే చక్రాన్ని పోలిన వంటింటి చక్రాలు వాటిలో ఉన్నాయి. ఇంటి దగ్గర ఎదురుచూసే భార్యకో, తల్లికో ఇవ్వడానికి చేసిన కానుకలవి.

1859లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పెట్రోలియం బావి తవ్వకం విజయవంతమయ్యాక కిరోసిన్ చౌకగా దొరకసాగింది. తిమింగలం నూనె వ్యాపారం క్రమంగా క్షీణించింది. ఓడల మీది స్క్రిమ్‌షా కూడా దానితో పాటే తగ్గిపోయింది. 20వ శతాబ్దంలో సేకర్తల ఆసక్తి దానికి మళ్లీ ప్రాణం పోసింది. అమెరికా అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెనడీ ఈ పళ్లను ఇష్టపడి సేకరించిన తర్వాత దాని పేరు మరింత మందికి తెలిసింది.

తెలుగువారికి కొత్త సూత్రం కాదు

గీసి, మసి పూసి, తుడవడం అనే పద్ధతి తెలుగు నేలకు పరాయిది కాదు. తాటాకు మీద గంటంతో రాసినప్పుడు అక్షరం దాదాపు కంటికి కనిపించదు. ఆకుపై మసి పూసి తుడిచాక, గీతల్లో నిలిచిన నలుపు అక్షరమై బయటపడుతుంది. దక్షిణ భారతదేశంలోని తాళపత్ర గ్రంథాలు ఈ సూత్రం మీదే తయారయ్యాయి.

దంతం మీద ఇదే పని చేసిన కళాకారులు కూడా ఇక్కడ ఉన్నారు. 18వ శతాబ్దంలో విశాఖపట్నం దంతపు పనికి పేరుపొందిన రేవుపట్టణం. నల్లచేవ, రోజ్‌వుడ్ వంటి కలపతో చేసిన పెట్టెలు, బల్లలు, కుర్చీలకు దంతపు పలకలను అతికేవారు. ఆ పలకలపై పూల తీగలు, చెట్లు, భవనాలు సన్నగా చెక్కి, గీతల్లో నల్లని లక్కను నింపేవారు. ఈస్టిండియా కంపెనీ అధికారులు వాటిని కొని ఇంగ్లండుకు తీసుకెళ్లారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం సహా పలు ప్రదర్శనశాలల్లో ‘విజగపటం’ అనే పాత పేరుతో అవి నేటికీ కనిపిస్తాయి.

విశాఖ పనివారికీ, నాంటకెట్ నావికులకూ నేరుగా సంబంధం ఉందని దీని అర్థం కాదు. విశాఖ పని కాలంలో ముందుది. అది శిక్షణ పొందిన వృత్తికారుల పని. స్క్రిమ్‌షా తీరిక దొరికిన కూలీల పని. రెండింటిలోనూ గీత, నింపుడు, తుడుపు ఒక్కటే. స్క్రిమ్‌షా చేసేవారు నేటికీ వాడే ‘ఇండియా ఇంక్’ అనే కార్బన్ సిరా పేరులో కూడా భారతదేశం ఉంది. ఆ సిరా చైనాలో ప్రాచీన కాలం నుంచీ వాడుకలో ఉన్నదే అయినా, భారత్ మీదుగా సాగిన వ్యాపారం వల్ల ఇంగ్లీషులో దానికి ఆ పేరు స్థిరపడింది.

దంతం ఎందుకు దూరమైంది?

20వ శతాబ్దం ద్వితీయార్ధంలో ఈ కళకు ఆధారమైన పదార్థాలన్నీ ఒక్కొక్కటిగా నిషేధాల పరిధిలోకి వచ్చాయి.

అమెరికాలో 1972 నాటి సముద్ర క్షీరదాల రక్షణ చట్టం, 1973 నాటి అంతరించిపోతున్న జీవజాతుల చట్టం తిమింగలాల పళ్ల వ్యాపారాన్ని కట్టడి చేశాయి. వాణిజ్యపరమైన తిమింగలాల వేటను నిలిపివేయాలని అంతర్జాతీయ తిమింగల వేట కమిషన్ 1982లో నిర్ణయించింది. పళ్లు దొరకని కళాకారులు అప్పటికే ఏనుగు దంతం వైపు మళ్లారు. అయితే ఆ దారి కూడా ఎంతోకాలం తెరిచి ఉండలేదు.

ఆఫ్రికాలో 1979లో సుమారు 13 లక్షలుగా అంచనా వేసిన ఏనుగుల సంఖ్య 1989 నాటికి సుమారు 6 లక్షలకు పడిపోయింది. దంతాల కోసం సాగిన వేట దీనికి ప్రధాన కారణం. అదే ఏడాది సైటిస్ ఒప్పందంలోని దేశాలు ఆఫ్రికా ఏనుగు దంతాల అంతర్జాతీయ వాణిజ్యాన్ని నిషేధించాలని తీర్మానించాయి. 1990 జనవరిలో ఆ నిషేధం అమల్లోకి వచ్చింది. అమెరికా 2016లో ఆఫ్రికా ఏనుగు దంతాల దేశీయ వ్యాపారాన్ని దాదాపు పూర్తిగా ఆపివేసింది. చైనా 2017 చివరికి తన దేశీయ దంతపు విపణిని మూసివేసింది. బ్రిటన్ 2018లో చేసిన దంతపు చట్టం 2022లో అమలుకు వచ్చింది.

భారతదేశం ఈ విషయంలో ముందే కదిలింది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణతో భారతీయ ఏనుగు దంతాల వ్యాపారం నిషిద్ధమైంది. 1991 సవరణ ఆఫ్రికా నుంచి దిగుమతి చేసుకున్న దంతాలను కూడా ఆ పరిధిలోకి తెచ్చింది. వ్యాపారులు దీన్ని న్యాయస్థానాల్లో సవాలు చేయగా, 2003లో సుప్రీంకోర్టు నిషేధాన్ని సమర్థించింది.

ఒక్కో నిషేధంతో స్క్రిమ్‌షా కళాకారుల ముందు ఒకే ప్రశ్న మరింత బలంగా నిలిచింది. జంతువు ప్రాణంతో ముడిపడిన పదార్థం లేకపోతే ఈ కళ ఉంటుందా?

జేబుకత్తి పిడి ఎలా ముందుకొచ్చింది?

సమాధానం చాకుల పరిశ్రమలో దొరికింది. దంతానికి ప్రత్యామ్నాయాల అన్వేషణ ఆ పరిశ్రమకు కొత్త కాదు. బిలియర్డ్ బంతులకు దంతం బదులు వాడే పదార్థం కోసం జాన్ వెస్లీ హయట్ చేసిన ప్రయత్నాల ఫలితంగా 1870 ప్రాంతంలో సెల్యులాయిడ్ వాడుకలోకి వచ్చింది. కొద్దికాలంలోనే అది చాకుల పిడులకూ చేరింది. 1910 ప్రాంతంలో వెస్టింగ్‌హౌస్ సంస్థ కాగితం లేదా బట్ట పొరలను రెసిన్‌తో బిగించి మైకార్టా అనే గట్టి పదార్థాన్ని రూపొందించింది. 1960లో డ్యూపాంట్ సంస్థ డెల్రిన్ అనే ప్లాస్టిక్‌ను విపణిలోకి తెచ్చింది. పగలకుండా, నీటికి ఉబ్బకుండా, చౌకగా ఉండే ఈ ప్లాస్టిక్ జేబుకత్తుల పిడులకు బాగా సరిపోయింది.

న్యూయార్క్ రాష్ట్రంలోని ఎలెన్‌విల్‌లో ఉన్న ష్రేడ్ కంపెనీ తెల్లని డెల్రిన్ పిడులపై ఓడలు, పక్షులు, జంతువుల బొమ్మలు ముద్రించి ‘స్క్రిమ్‌షా’ పేరుతో ఒక చాకుల శ్రేణినే అమ్మింది. ఆ సంస్థ 2004లో మూతపడింది. అవి యంత్రంతో పెద్ద సంఖ్యలో తయారైనవి. ప్రతి ముక్కా చేత్తో చెక్కిన పని కాదు. అయినా అవి ఒక విషయాన్ని సామాన్యుల జేబుల్లోకి చేర్చాయి. స్క్రిమ్‌షా బొమ్మ ప్రదర్శనశాల అద్దాల వెనుకే ఉండనక్కరలేదు, రోజూ పండు కోసుకునే చాకు మీద కూడా ఉండవచ్చు.

ఆ ఆలోచనను అభిరుచిగా చేపట్టినవారు మరో అడుగు వేశారు. బొమ్మ లేని చౌక చాకును కొని, దాని పిడి మీద తమ చేత్తోనే బొమ్మ చెక్కడం మొదలుపెట్టారు. ఇందులో ఒక విచిత్రమైన తిరుగుడు ఉంది. ఒకనాడు నావికుడి చేతిలో జేబుకత్తి గీసే పనిముట్టు. నేడు అదే జేబుకత్తి గీతలను భరించే పలక.

ఎలాంటి చాకు పనికొస్తుంది?

అన్ని పిడులూ ఈ పనికి సరిపోవు. పిడి లేత రంగులో, నునుపుగా, సూక్ష్మరంధ్రాలు లేకుండా ఉండాలి. గరుకు నమూనాలు అచ్చువేసిన పిడి, రబ్బరు పిడి, లోహపు పిడి ప్రారంభకులకు అనుకూలం కావు. మామూలు కలపలో నారల వెంట సిరా పాకిపోతుంది.

దంతపు రంగులో ఉండే కాగితపు మైకార్టా మీద గీత శుభ్రంగా పడుతుంది. బట్ట పొరలతో చేసిన మైకార్టాలో నేత అడ్డువస్తుంది. డెల్రిన్ చౌకగా దొరుకుతుంది కానీ జారుడు స్వభావం ఉన్న ప్లాస్టిక్ కావడంతో దానిపై సిరా తేలికగా నిలవదు. గీత కాస్త లోతుగా ఉండాలి. పశువుల ఎముకతో చేసిన పిడి చూడటానికి దంతానికి దగ్గరగా ఉంటుంది. అయితే ఎముకలో సూక్ష్మరంధ్రాలుంటాయి. ముందుగా మైనంతోనో, పలుచని పూతతోనో వాటిని మూసివేయకపోతే సిరా చుట్టూ మరకలా వ్యాపిస్తుంది. దక్షిణ అమెరికాలో పెరిగే ఒక తాటిజాతి చెట్టు గింజ ‘టాగువా’. ఎండితే దంతంలా గట్టిపడే ఈ గింజను ‘వృక్ష దంతం’ అని కూడా పిలుస్తారు. ముక్క చిన్నదైనా దానిపై పని చక్కగా కుదురుతుంది.

చౌక చాకును ఎంచుకోవడానికి ధర ఒక్కటే కారణం కాదు. పొరపాటు చేసే స్వేచ్ఛ అసలు కారణం. ఖరీదైన పదార్థం ముందు చేయి వణుకుతుంది. కొన్ని వందల రూపాయల చాకు పిడి మీద గీత తప్పితే గరుకు కాగితంతో రుద్ది మళ్లీ మొదలుపెట్టవచ్చు. పాత కాలపు చాకుల మీద, వంశపారంపర్యంగా వచ్చిన వస్తువుల మీద మాత్రం ప్రయోగాలు చేయకూడదు. వాటి విలువ అవి ఉన్న స్థితిలోనే ఉంటుంది.

పని ఎలా సాగుతుంది?

మొదటి పని చాకును ప్రమాదరహితంగా మార్చడం. అలుగును మడిచి, చుట్టూ టేపు గట్టిగా చుట్టాలి. పిడిని చిన్న బిగింపులోనో, మెత్తని బట్ట సంచిలోనో కదలకుండా నిలపాలి. చేతిలో పట్టుకుని గీస్తే సూది జారి వేలికి గుచ్చుకోవడం ఖాయం.

తర్వాత ఉపరితలాన్ని సిద్ధం చేయాలి. 400 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 600, 1000, 2000 నంబర్ల వరకు నీటితో తడుపుతూ రుద్దాలి. చివరికి మెత్తని బట్టతో మెరుగుపెట్టాలి. ఇందులో తొందరపడితే ఫలితం చివర్లో కనిపిస్తుంది. కంటికి కనిపించని ప్రతి గీరలోనూ సిరా చేరి, తెల్లగా ఉండాల్సిన చోటు బూడిదరంగుకు మారుతుంది.

పిడి మీద బొమ్మకు దక్కే స్థలం చాలా తక్కువ. సాధారణ మడత చాకు పిడి ఏడెనిమిది సెంటీమీటర్ల పొడవు, ఒకటిన్నర సెంటీమీటర్ వెడల్పు ఉంటుంది. అందుకే పొడవుగా సాగే రూపాలు దీనికి అనువైనవి. చేప, ఈక, ఎగిరే కొంగ, తాటిచెట్టు, పడవ వంటివి తేలిగ్గా ఇముడుతాయి. కాగితం మీద గీసిన బొమ్మను పెన్సిల్ పొడితో పిడి మీదికి దించవచ్చు. లేదా నావికుల మాదిరిగా కాగితాన్ని అంటించి రేఖల వెంట గుచ్చవచ్చు.

గీయడానికి గట్టి ఉక్కు సూది, దాన్ని బిగించే చిన్న పిడి, భూతద్దం, పక్క నుంచి పడే దీపపు వెలుతురు చాలు. పక్క వెలుతురులో గీత నీడ స్పష్టంగా కనిపిస్తుంది. పద్ధతులు ముఖ్యంగా రెండు. ఒకటి రేఖలు గీయడం, రెండోది చుక్కలు గుచ్చడం. చుక్కలు దగ్గరగా పడిన చోట ముదురు నీడ, దూరంగా పడిన చోట లేత నీడ ఏర్పడతాయి. వార్తాపత్రికలోని నలుపు తెలుపు ఫొటోను భూతద్దంలో చూస్తే కనిపించేది ఇదే. రేఖలు గీయడం త్వరగా సాగుతుంది కానీ సూది జారే ప్రమాదం ఎక్కువ. చుక్కల పనికి ఓపిక కావాలి, అయితే చేయి తప్పే అవకాశం తక్కువ. అందుకే ప్రారంభకులకు చుక్కల పద్ధతే మేలు.

ఒక చిన్న భాగం పూర్తికాగానే సిరా వేసి చూడాలి. దూది పుల్లతో కార్బన్ సిరాను గానీ, నల్లని తైలవర్ణాన్ని గానీ గీతల్లోకి అద్ది, ఒకట్రెండు నిమిషాల తర్వాత మెత్తని బట్టతో తుడవాలి. ప్లాస్టిక్ పిడుల మీద తైలవర్ణం ఎక్కువగా నిలుస్తుంది. అప్పటిదాకా కంటికి ఆనని బొమ్మ ఒక్కసారిగా తేలుతుంది. ఎక్కడ నీడ చాలలేదో అప్పుడు తెలుస్తుంది. మళ్లీ గుచ్చి, మళ్లీ సిరా వేయాలి. ఈ ఆవృత్తిలోనే బొమ్మ నిండుతుంది. చివర్లో పలుచగా మైనం పూసి మెరుగుపెడితే పని పూర్తవుతుంది.

ఎముకనూ మైకార్టానూ రుద్దినప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తులకు హానికరం. తడిపి రుద్దడం, మాస్కు ధరించడం తప్పనిసరి.

అసలు దంతమా, అనుకరణా?

పదార్థం మారడంతో మోసానికి కూడా దారి ఏర్పడింది. రెసిన్‌ను అచ్చుల్లో పోసి, పాత తిమింగలం పళ్లలా కనిపించేలా తయారుచేసిన వస్తువులు దశాబ్దాలుగా విపణిలో ఉన్నాయి. వాటిని అనుకరణలుగా అమ్మితే తప్పులేదు. పాతవని చెప్పి అమ్మినప్పుడే సమస్య. ఇలాంటి వాటిని సేకర్తలు ‘ఫేక్‌షా’ అని వ్యంగ్యంగా పిలుస్తారు.

పదార్థాన్ని గుర్తించడానికి కొన్ని ఆనవాళ్లున్నాయి. ఏనుగు దంతాన్ని అడ్డంగా కోసిన తలంలో ఒకదానినొకటి ఖండించుకునే వంపు రేఖలు కనిపిస్తాయి. ఎముకలో రక్తనాళాలు నడిచిన జాడలుగా సన్నని నల్లని చుక్కలో, గీతలో ఉంటాయి. అతినీలలోహిత కాంతిలో దంతం నీలిఛాయ గల తెలుపుతో మెరుస్తుంది. చాలా ప్లాస్టిక్‌లు అలా మెరవవు. ఒకే బొమ్మ, ఒకే గీర, ఒకే చోట ఉన్న రెండు ‘పురాతన’ వస్తువులు కనిపిస్తే అవి ఒకే అచ్చులోంచి వచ్చాయని అర్థం.

నిజానికి భారతీయ కొనుగోలుదారు ఎక్కువగా భయపడాల్సింది వస్తువు నకిలీ అయినప్పుడు కాదు, అసలైనదైనప్పుడు.

చట్టం ఏమంటోంది?

ఏనుగు, స్పెర్మ్ తిమింగలం రెండూ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఆ షెడ్యూలులోని జంతువుల అవయవాలు, వాటితో చేసిన వస్తువుల వ్యాపారం నేరం. నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల వరకు జైలుశిక్ష, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా ఉంటాయి.

అమెరికాలోనో, ఐరోపాలోనో స్థిరపడిన తెలుగువారు, అక్కడికి పర్యటనకు వెళ్లేవారు పాత వస్తువుల అంగళ్లలో స్క్రిమ్‌షా ముక్కలను చూసి ముచ్చటపడే అవకాశం ఉంది. అక్కడ ఒక పాత వస్తువు అమ్మకం చట్టబద్ధమైనా, దాన్ని దేశాల సరిహద్దు దాటించడం వేరే విషయం. సైటిస్ అనుమతి పత్రాలు లేకుండా తెస్తే విమానాశ్రయంలోనే కస్టమ్స్ అధికారులు స్వాధీనం చేసుకోవచ్చు. ప్లాస్టిక్, మైకార్టా, పశువుల ఎముక, టాగువా వంటి వాటితో చేసిన పనికి ఈ బెడద లేదు.

చాకు విషయంలో కూడా నిబంధనలున్నాయి. భారత ఆయుధాల చట్టం ప్రకారం 9 అంగుళాల కన్నా పొడవైన, లేదా 2 అంగుళాల కన్నా వెడల్పైన అలుగు ఉన్న కత్తులకు లైసెన్సు అవసరం. గృహ, వ్యవసాయ, శాస్త్రీయ, పారిశ్రామిక అవసరాలకు తయారైన వాటికి మినహాయింపు ఉంది. చిన్న మడత చాకులు ఈ కొలతలకు చాలా లోపే ఉంటాయి. అయినా విమానంలో చేతి సంచిలో వాటిని అనుమతించరు.

దక్షిణాసియా చేతివృత్తులకు ఇందులో ఏముంది?

దంతం మీద నిషేధం ఏనుగులకు రక్షణ కల్పించింది. అదే సమయంలో తరతరాలుగా ఆ పనినే నమ్ముకున్న కుటుంబాల ముందు బతుకుతెరువు సమస్యను ఉంచింది. పశ్చిమ బెంగాల్‌లోని ముర్షిదాబాద్, కేరళ, మైసూరు, ఢిల్లీ ప్రాంతాల్లోని దంతపు శిల్పులు చందనం, ఇతర కలప, ఎముక వంటి పదార్థాలకు మారవలసి వచ్చింది. అందరికీ ఆ మార్పు కలిసిరాలేదు. దంతానికి పలికిన ధర ఎముకకు పలకదు. చెక్కిన చేయి అదే అయినా కొనేవారి లెక్క మారిపోయింది.

మరోవైపు, ఎముక, కొమ్ము పనికి దక్షిణాసియాలో గట్టి పునాదే ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని సంభల్ జిల్లా సరాయ్ తరీన్‌లో గేదె కొమ్ము, ఎముకలతో వస్తువుల తయారీ ప్రధాన వృత్తి. ఆ రాష్ట్ర ప్రభుత్వపు ‘ఒక జిల్లా, ఒక ఉత్పత్తి’ పథకంలో సంభల్‌కు ఈ కళే గుర్తింపు. పాకిస్తాన్ పంజాబ్‌లోని వజీరాబాద్ చాకులు, కత్తుల తయారీకి ప్రసిద్ధి. అక్కడ ఒంటె ఎముకతో పిడులు తొడిగిన చాకులు విదేశాలకు ఎగుమతి అవుతాయి. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ మడత కత్తి పేరు హిందీ సినిమాల ద్వారా దేశమంతటికీ తెలిసిందే.

ఈ కేంద్రాల్లో పదార్థం ఉంది, పనితనం ఉంది. పిడి మీద చేత్తో చెక్కిన చిన్న చిత్రం ఒక మామూలు చాకును కానుకగా మారుస్తుంది. కొత్తగా కావలసిన పెట్టుబడి సూది, సిరా, భూతద్దం మాత్రమే. అయితే దానికి పట్టే గంటలకు తగిన ధర ఇచ్చే కొనుగోలుదారు ఉన్నప్పుడే అది జీవనోపాధి అవుతుంది. యంత్రంతో ముద్రించిన బొమ్మకూ, చేత్తో గుచ్చిన వేల చుక్కలకూ ఉన్న తేడా కొనేవారికి తెలియకపోతే, ఇద్దరికీ ఒకే ధర దక్కుతుంది.

విలువ ఎక్కడ ఉంది?

తిమింగలం పన్ను నావికుడికి దొరికినప్పుడు అది ఎవరూ కోరుకోని వ్యర్థం. దానికి ధర తెచ్చింది అతని శ్రమ. తర్వాతి కాలంలో విపణి ఆ క్రమాన్ని తలకిందులు చేసి, పదార్థానికే ఎక్కువ వెల కట్టింది. ఆ వెలే వేటగాళ్లను ఏనుగుల మందల దాకా నడిపించింది. చౌక చాకు పిడి మీదికి స్క్రిమ్‌షా చేరడమంటే, ఒక రకంగా తన తొలి స్థితికి తిరిగిరావడమే. ఇక్కడ పదార్థానికి చెప్పుకోదగ్గ ధర లేదు. ఉన్న విలువంతా చేతిది.

జేబులో రోజూ తిరిగే చాకు అరుగుతుంది. కొన్నేళ్లకు పిడి మీది బొమ్మ వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. అప్పుడు కొత్తగా చెక్కవలసిన పని లేదు. గీత చెరగనంత కాలం మరోసారి సిరా అద్ది తుడిస్తే చాలు, బొమ్మ మళ్లీ తేలుతుంది. ప్రాచ్య లిఖిత గ్రంథాలయాల్లో వెలిసిన తాళపత్రాలకు మసి, నూనె కలిపి పూసి అక్షరాలను తిరిగి చదివించేది కూడా ఈ పద్ధతిలోనే.